పొంగని చెయ్యి

పుష్పాబాయి పని కళ్లం మీద. మిర్యాలగూడ రైసు మిల్లులో ఉడికించిన వడ్లను సిమెంటు కళ్లం మీద పలచగా పరిస్తే, అవి ఆరేదాకా పొద్దంతా కాళ్లతో కెలుకుతూ తిరగాలి. ఎండ ఎంత మండితే వడ్లకు అంత మంచిది, మనిషికి అంత చెడ్డది. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఆమె అరికాళ్లు చెప్పు తోలులా మొద్దుబారాయి. భర్త బాల్యా పెళ్లయిన కొత్తలోనే బొంబాయి పనికి పోయి, అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. పిల్లలు లేరు. తనవాడని చెప్పుకోవడానికి ఆమెకున్నది తమ్ముడు తులసీరాం ఒక్కడే.

తమ్ముడని పేరే గాని, వాణ్ని పెంచింది ఆమే. తల్లి పోయేనాటికి వాడికి మాటలు కూడా సరిగా రాలేదు. చంకన వాణ్ని, నెత్తిన కట్టెల మోపును మోసుకుని తండా చుట్టూ తిరిగింది. వాడు పెద్దవాడయ్యాక క్లీనరుగా లారీ ఎక్కి, చివరికి డ్రైవరయ్యాడు. మిర్యాలగూడ బియ్యం కాకినాడ రేవుకు వేసుకుపోయేవాడు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే, మిగతా సగం మిర్యాలగూడలో అక్క అద్దె గదిలో. తిరిగొస్తూ మిల్లు గేటు ముందు హారను మోగిస్తే కళ్లం మీద ఆడవాళ్లంతా "పుష్పా, నీ రాజొచ్చిండు" అని నవ్వేవాళ్లు. వాడు కిటికీలోంచి సగం ఒళ్లు బయటికి పెట్టి, "బాయీ, అన్నం వండినవా లేదా?" అని కేకేసేవాడు. వాళ్ల తండా భాషలో బాయి అంటే అక్క.

తొంభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో వాడికి పిల్ల కుదిరింది. కోదాడ అవతల, అనంతగిరి దగ్గరి తండాలో మోతీలాల్ అనే రైతు కూతురు భూలి. మోతీలాల్ మాట మీద నిలబడే మనిషి. వచ్చే ఏడు పెళ్లి చేద్దామని మాట అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల మధ్య బెల్లం పంచుకుని లేచారు.

వానలు మొదలయ్యేసరికి తులసీరాంకు దగ్గు పట్టుకుంది. వచ్చిన దగ్గు పోలేదు. దాని వెనకే జ్వరం. ఒళ్లంతా చెమట పట్టి దిగిపోయేది, మర్నాడు మళ్లీ ఎక్కేది. ప్యాంటు జారిపోతుంటే దారం కట్టుకున్నాడు. స్టీరింగు తిప్పుతుంటే చేతులు వణుకుతున్నాయని ఓనరు లారీ దింపేశాడు. మిర్యాలగూడలో ఇద్దరు డాక్టర్ల దగ్గర సూదులు, సీసాలు అయ్యాయి. చివరికి ఒకాయన, "సూర్యాపేట తీసుకపోండ్రి, ఆడ టీబీ దవాఖానల సూపియ్యండ్రి" అన్నాడు.

సూర్యాపేటలో కఫం పరీక్ష చేసి టీబీ ఉందన్నారు. రక్తం కూడా తీశారు. ఆ రక్తం సంగతి మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. "రక్తంల జర దోషమున్నది, పెద్ద డాక్టరమ్మ మాట్లాడతది" అని లోపలికి పంపారు.

ఆ డాక్టరమ్మ పేరు సువర్ణ. హైదరాబాదు నుంచి వారానికోసారి వచ్చి మూడు రోజులుండేది. వయసులో పుష్పాబాయి కంటే చిన్నదే. కళ్ల కింద నల్లగా నిద్రలేమి. గొంతు మెత్తన. ఆమె ముందు బల్ల మీద ఒక చిన్న ఐసు పెట్టె ఉంది.

"తులసీరాం, నీకు చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయా?" అని అడిగింది.

వాడు తెల్లబోయి అక్క వైపు చూశాడు. దగ్గుకు మందియ్యమంటే గవదబిళ్లల సంగతి ఎందుకో వాడికి అర్థం కాలేదు.

"వచ్చినయమ్మా," అంది పుష్పాబాయి. "ఇద్దరికీ ఒక్కసారే వచ్చినయి. నేను జర పెద్దదాన్ని, వీడు గింత పోరడు. దవడలు గుమ్మడికాయలైనయి. సున్నం, పసుపు కలిపి రాసి గుడ్డ కట్టిన. వీడు నా మొఖం సూసి నవ్వుతడు, నవ్వితే నొస్తదని ఏడుస్తడు."

డాక్టరమ్మ కూడా నవ్వింది. "అయితే మీ ఇద్దరూ నాకు కావాలి. ఇదిగో, ఇది ఆ గవదబిళ్లల పురుగును చంపి చేసిన మందు. దీంతో ఏ జబ్బూ రాదు. ఒక్క చుక్క చేతి చర్మం కింద వేస్తాను. మందు చెడిపోలేదని నాకు తెలియాలంటే, జబ్బు లేనివాళ్లకు కూడా వేసి చూడాలి. నీకూ వేస్తానమ్మా. ఇద్దరి రక్తం కూడా కొంచెం తీసుకుని హైదరాబాదు ల్యాబుకు పంపిస్తాను. ఒప్పుకుంటావా?"

"ఎందుకమ్మా గిదంతా?"

"ఒంట్లో జబ్బుతో కొట్లాడే బలం ఎంత ఉందో చూడడానికి. మూడో రోజు వచ్చి చేతులు చూపించండి. అప్పుడు అంతా వివరంగా చెబుతాను. ముందే చెబితే మీరు చేతుల వైపే చూస్తూ కూర్చుంటారు."

సన్నని సూది చర్మం కింద పొడిస్తే మినపగింజంత బుడిపె లేచి అణిగిపోయింది. చుట్టూ పెన్నుతో సున్నా గీశారు. తులసీరాం తన చేతిని అక్క చేతి పక్కన పెట్టి, "పచ్చబొట్టు పొడిపిచ్చుకున్నట్టున్నది బాయీ" అన్నాడు.

చేతుల వైపే చూస్తూ కూర్చుంటారని డాక్టరమ్మ అన్నది గదా, అదే జరిగింది. మర్నాడు పొద్దునకు పుష్పాబాయి చెయ్యి దురద పెట్టింది. మధ్యాహ్నానికి సున్నా లోపల ఎర్రబడింది. సాయంత్రానికి పొంగి గట్టిపడి, ముట్టుకుంటే వేడిగా తగిలింది. తులసీరాం చేతి మీద పెన్ను గీత తప్ప ఏమీ లేదు. వాడు చెయ్యిని దీపం దగ్గర పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. నున్నగా, చదునుగా ఉంది.

"బాయీ, నాకేం రాలే," అన్నాడు. గొంతులో సంతోషం ఆగడం లేదు. అంతలోనే అక్క చెయ్యి చూసి వాడి ముఖం మాడిపోయింది. "నీకెట్లొచ్చిందే? రోగం నాదనుకుంటిమి గద, నీకు పొంగిందేంది?"

పుష్పాబాయి చెంగు చేతి మీదికి లాక్కుంది. ఆమెకూ అదే తోచింది. దోషం అన్నది తన ఒంట్లో ఉండి, తన చేతి కూటి నుంచి వాడికి దగ్గు అంటుకుందేమో. భయం వెయ్యలేదని కాదు. కాని ఆ భయం కింద, నేల లోపలి చెమ్మలాగ, ఒక చల్లదనం ఉంది. వాడికి లేదు. ఉంటే తనకుంది. తనకేముంది, మొగుడా పిల్లలా? వాడి పెళ్లి చూసి పోతే చాలు. దేవుడు ఈ ఒక్కసారి సరైన చెయ్యి చూసి పెట్టాడనుకుంది. చాలాకాలం తర్వాత ఆమె హాయిగా నిద్రపోయింది.

మూడో రోజు సూర్యాపేటలో డాక్టరమ్మ ముందుగా పుష్పాబాయి చెయ్యి అందుకుంది. వాపు అంచును వేలితో తడిమి, స్కేలు పెట్టి కొలిచి, "చాలా బాగుంది" అంది. వాపు చూసి బాగుందనడమేమిటో పుష్పాబాయికి అర్థం కాలేదు. తర్వాత తులసీరాం చెయ్యి. డాక్టరమ్మ వేలు ఆ సున్నా మీద ఒకసారి పోయింది. మళ్లీ పోయింది. చెయ్యిని వెలుతురులోకి తిప్పి, కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, ఇంకోసారి తడిమింది. స్కేలుతో పని పడలేదు.

"నాకేం లేదు గదా మేడం?" అన్నాడు తులసీరాం. "మా బాయికి మంచి మందియ్యుండ్రి. నా సంగతి తర్వాత."

డాక్టరమ్మ తల ఎత్తలేదు. "నువ్వు పోయి బరువు చూపించుకుని రా" అని వాణ్ని బయటికి పంపింది. తలుపు దగ్గరికి వేసి వచ్చి, పుష్పాబాయి పక్కనే బెంచీ మీద కూర్చుంది.

"అమ్మా, నీ చెయ్యి పొంగడమే మంచిది. చిన్నప్పుడు వచ్చిన జబ్బును ఒళ్లు గుర్తు పెట్టుకుంటుంది. ఆ పురుగు మళ్లీ కనబడగానే కొట్లాటకు లేస్తుంది. ఆ లేవడమే ఈ వాపు. నీ రక్తం కూడా ఇక్కడ పరీక్ష చేశాం, నీకే జబ్బూ లేదు."

"మరి వానిది?"

"వాడి ఒళ్లు లేవలేదు."

పుష్పాబాయి ఆమె నోటి వైపే చూస్తోంది.

"వాడి రక్తంలో ఒక వైరస్ ఉంది. ఎయిడ్స్ అంటారు, వినే ఉంటావు. అది ఆ కొట్లాడే బలాన్నే తినేస్తుంది. అందుకే టీబీ పట్టుకుంది. టీబీకి మందులిస్తాను. కొన్నాళ్లు తేరుకుంటాడు. కాని లోపల బలం చాలా తక్కువ మిగిలిందమ్మా."

ఆ రెండు రోజుల చల్లదనమంతా ఒక్క క్షణంలో ఆవిరైంది. పుష్పాబాయి తన చెయ్యి చూసుకుంది. ఎర్రగా, బలంగా పొంగి ఉంది. ఆ వాపును గోళ్లతో పెరికేసుకోవాలనిపించింది.

"నా బలం తీసి వానికియ్యరాదా అమ్మా? రక్తమియ్యమంటే రక్తమిస్త. ఎంతైనా తీసుకోండ్రి."

"అలా ఇవ్వగలిగితే నేనే మొదట తీసుకునేదాన్ని," అంది డాక్టరమ్మ. తర్వాత అడిగింది, "వాడికి పెళ్లయిందా?"

"కుదిరింది."

"ఆ పెళ్లి జరగకూడదు. ఆ పిల్లకూ అంటుతుంది, పుట్టే బిడ్డకూ అంటుతుంది. వాడికి నేనే చెబుతాను, లోపలికి పిలువు."

పుష్పాబాయి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దమ్మా. మీ నోట్లకెంచి గా మాట ఇంటే వాడు గీడనే కూలిపోతడు. నేను పెంచిన, నేనే చెప్త. జర ఒక్క వారం టైమియ్యుండ్రి." డాక్టరమ్మకు ఇష్టం లేదు. అయినా ఆ ముఖం చూసి కాదనలేకపోయింది.

బయట తులసీరాం బత్తాయిల సంచితో నిలబడి ఉన్నాడు. "నీకే. రసం తాగితే రక్తం పడుతదంట" అన్నాడు. బస్సులో అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టి, వచ్చేపోయేవాళ్లు తగలకుండా తను అడ్డంగా కూర్చున్నాడు. ఒక్కో తొన తీసి గింజలు ఏరి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నమిలింది.

చెప్పాలి చెప్పాలనుకుంటూనే ఆ వారం గడిచిపోయింది. డాక్టరమ్మ వచ్చే రోజున, తన చేతికి తగ్గిందని వంక పెట్టి సూర్యాపేట ప్రయాణమే మానిపించింది. పొద్దున చెబుదామంటే వాడు అప్పటికే లేచి పొయ్యి ముట్టించి ఉండేవాడు. "నువ్వు పనికి పోకు, నేను మంచిగనే ఉన్న, మళ్ల లారీ ఎక్కుత" అనేవాడు. టీబీ మందులు వాడికి ఎక్కాయి. జ్వరం తగ్గింది, బుగ్గలు కాస్త నిండాయి. అది చూసి తన రక్తంలో దోషమేమీ లేదని వాడికి పూర్తి నమ్మకం కుదిరింది. అక్క మీద దిగులుతో పక్కింటి జమ్లీ దగ్గర కళ్లు తుడుచుకున్నాడు కూడా. "మా బాయికి రక్తంల దోషమొచ్చిందే. చెయ్యి సూడు ఎట్ల పొంగిందో. నాకు జెప్పకుంట లోపల్నే కుములుతున్నది." జమ్లీ కూడా మిల్లు కళ్లం మీద పనిచేసేదే. ఆ మాట మర్నాడే కళ్లం చేరింది. నీళ్ల కుండ దగ్గర పుష్పాబాయి గ్లాసును ఎవరో పక్కకు తీసి పెట్టారు.

ఒకరోజు ఆమె పని నుంచి వచ్చేసరికి గదికి గొళ్లెం పెట్టి ఉంది. జమ్లీ తన గడప మీదనుంచే, దగ్గరికి రాకుండా చెప్పింది. "నీ తమ్ముడు అనంతగిరి పోయిండు. నీకు పానం బాగున్నప్పుడే పెండ్లి కానిద్దామని దినం ఖాయం జేసుకొస్తనన్నడు. నువ్వు కండ్లార సూడాల్నంట."

పుష్పాబాయి లోపలికి కూడా పోలేదు. కళ్లం దుమ్ముతోనే బస్టాండుకు నడిచింది. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేదాకా బస్సు ప్రతి ఊళ్లో ఆగింది. ఆగినప్పుడల్లా ఆమె ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది. కోదాడలో జీపు దొరికింది. తండా చేరేసరికి ఇంకా వెలుతురుంది. మోతీలాల్ వాకిట్లో మంచాలు వాల్చి ఉన్నాయి. తండా నాయకుడు, ఇంకో ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. మధ్యలో తులసీరాం, ఇస్త్రీ చొక్కాలో, ముఖం కడిగిన ఇత్తడి చెంబులా మెరుస్తూ. పళ్లెంలో బెల్లం ఉంది. ఇంటి గుమ్మం వెనక అద్దాల రవికె తళుక్కుమంది. భూలి అక్కడే నిలబడి వింటోంది.

"అరే, బాయే వచ్చింది!" అని తులసీరాం లేచాడు.

దారి పొడుగునా ఏం చెప్పాలో ఆమె ఆలోచించనే లేదు. వాడికి రోగముందని ఇంతమందిలో చెబితే, ఏ తండాలోనూ వాణ్ని మంచం మీద కూర్చోనివ్వరు. చెప్పకపోతే ఆ గుమ్మం వెనక పిల్ల బతుకు బుగ్గి. ఆమె మోతీలాల్ ముందుకు వెళ్లి, చెంగు పక్కకు జరిపి చెయ్యి చూపించింది. వాపు తగ్గినా, అక్కడ చర్మం నల్లగా కమిలి ఉంది.

"మోతీలాల్ కాకా, మా ఇంటికి పిల్లనియ్యకుండ్రి. నాకు ఎయిడ్స్ బీమారున్నది. ఒక్క ఇంట్ల, ఒక్క కంచంల తిన్నోళ్లం. రేపు మీ బిడ్డ గా ఇంటికే రావాలె గద. నా పాపం మీ మీద ఎందుకు."

పెద్దల్లో ఒకాయన తన మంచాన్ని తెలియకుండానే వెనక్కి లాక్కున్నాడు. మోతీలాల్ ఆమెను చూశాడు. తర్వాత తులసీరాంను చూశాడు. చొక్కా కాలరులోంచి బయటికి పొడుచుకొచ్చిన వాడి మెడ ఎముకల దగ్గర ఆయన చూపు ఆగింది. బెల్లం పళ్లెం తీసి లోపలికి అందించాడు.

"పో బిడ్డా," అన్నాడు. "పొద్దుపోక ముందే పొండ్రి."

కోదాడ బస్టాండులో సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాక తులసీరాం బద్దలయ్యాడు. హైవే మీద లారీలు రొద చేస్తూ పోతున్నాయి.

"నీకుంటె నీకున్నది! నిన్ను నేను ఇడిసి పెడ్తనన్ననా? సచ్చేదాక సాకుత గద! నలుగురి ముంగట నా పెండ్లెందుకు సెడగొట్టినవ్? నేను సుఖపడుడు నీకిష్టం లేదా?"

"తులసీ..."

"నా చెయ్యి మంచిగున్నది! ఒక్క గుల్ల లేదు! నాకేం రోగమున్నదని పిల్లను వద్దంటవ్?"

ఇక దాచడానికి చోటు మిగల్లేదు. ఆమె వాడి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"పొంగాలె బిడ్డా," అంది. "మంచిగున్నోనికి పొంగాలె. నాకు పొంగింది, నాకేం లేదు. నీకు..."

వాడు తన చేతి వైపు చూశాడు. వాడికి గుర్తొస్తున్నట్టుంది. డాక్టరమ్మ వేలు మళ్లీ మళ్లీ తడిమిన తీరు, బరువు చూసుకు రమ్మని బయటికి పంపడం. లారీల మీద బతికినవాడు, ఆ రోగం పేరు ధాబాల దగ్గర విన్నవాడే. ఎవరి దగ్గర, ఏ ఊళ్లో అంటుకుందో మనసులో వెతుక్కుంటున్నాడేమో, కళ్లు రోడ్డు మీద పోయే ప్రతి బండి వెంట పరుగెత్తాయి. మిర్యాలగూడ బస్సు వచ్చి, నిండి, వెళ్లిపోయింది. వాళ్లు లేవలేదు.

"మరి నీకున్నదని ఎందుకు చెప్పినవే?" అన్నాడు చివరికి.

"నాదని చెప్తె నాకు పోయేదేమున్నది."

వాడు అక్క భుజం మీద తల పెట్టి, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. బస్టాండులో జనం చూస్తున్నా పట్టించుకోలేదు.

తర్వాతి వారం వాడే సూర్యాపేట బయల్దేరాడు. హైదరాబాదు ల్యాబు నుంచి ఫలితం వచ్చి ఉంది. వాళ్లిద్దరి రక్తంలోని తెల్లకణాలను వేరు చేసి, గవదబిళ్లల పురుగును చూపించి కొన్ని రోజులు ఉంచారట. పుష్పాబాయి కణాలు ఒకటికి పదిగా పెరిగి మీదపడ్డాయి. తులసీరాం కణాలు ఉన్నవే కొన్ని. అవీ కదల్లేదు. ఈసారి డాక్టరమ్మ దాచకుండా వాడితోనే చెప్పింది.

"అంటె నా ఒళ్లు మర్సిపోయిందన్నట్టు," అన్నాడు వాడు. "మా బాయి సున్నం రాసింది, గుడ్డ కట్టింది, అంతా మర్సిపోయిందా మేడం?"

"నువ్వు మరిచిపోలేదు గదా తులసీరాం," అంది డాక్టరమ్మ.

"నేనెట్ల మరుస్తనమ్మా." వాడు కొంచెం నవ్వాడు. "నా రక్తం మీకు ఇంకా పనికొస్తదంటె తీసుకోండ్రి. లారీలోళ్లు శానమంది ఉన్నరు, మా అసోంటోళ్లు." ఆమె చాలాసేపు ఐసు పెట్టె మూత సర్దుతూ ఉండిపోయింది. వాడు చెయ్యి చాపాడు.

మిల్లులో పుష్పాబాయి పని ఊడింది. మేస్త్రి లచ్చయ్య చెడ్డవాడు కాదు. గేటు దగ్గరే నిలబెట్టి, నేల చూస్తూ చెప్పాడు. "నువ్వు కెలికిన వడ్లు మేం ముట్టమంటున్నరు పుష్పా. నేనేం జెయ్యాలె." ఆ సంగతి ఆమె తమ్ముడికి చెప్పలేదు. పొద్దున లేచి పనికి పోతున్నట్టే పోయి, సాగర్ కాలువ గట్టు మీద కూర్చుని సాయంత్రం తిరిగొచ్చేది. వాడికి ఎలాగో తెలిసింది. అప్పటికి మళ్లీ జ్వరం తిరగబెట్టింది, నోరంతా పూత. నడవలేని ఆ స్థితిలో గోడలు పట్టుకుంటూ మిల్లు దాకా పోయాడు. వాడు ఒకప్పుడు హారను కొట్టే ఆ గేటు దగ్గర నిలబడి, కళ్లం మీద ఆడవాళ్లందరికీ వినబడేలా చెప్పాడు.

"అక్కా, చెల్లే, జర ఇనుండ్రి. రోగం నాది. మా బాయికేం లేదు. డాక్టర్లు పరీక్ష చేసిండ్రు, ఆమె రక్తం బంగారమసోంటిది. నా పెండ్లి ఆపెతందుకు, నన్ను దాసెతందుకు తన మీద ఏస్కున్నది. ఆమెను పనికి రానియ్యుండ్రి."

కళ్లం మీద ఎవరూ కదల్లేదు. జమ్లీ ఒక్కతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. తర్వాత ఒకామె, "అయితె ఇంట్ల ఇద్దరికీ ఉన్నట్టే గద" అంది మెల్లగా. అంతే. ఆ మాటే నిలిచింది. వాడు గేటు ఊచలు పట్టుకుని అలాగే కూలబడితే, లచ్చయ్యే రిక్షా పిలిచి ఎక్కించాడు. గదికి వచ్చాక వాడు గోడ వైపు తిరిగి పడుకుని, "చెప్పిన బాయీ, నమ్మలే" అన్నాడు. ఆమె వాడి కాళ్లు ఒత్తుతూ, "నువ్వు చెప్పినవ్ గద, చాలు" అంది. చాలదని ఇద్దరికీ తెలుసు.

చలికాలం చివర్లో సూర్యాపేట దవాఖానలో, పొద్దునపూట, మంచం పక్కన కిటికీలోంచి ఎండ పడుతుండగా తులసీరాం పోయాడు. ఆఖరికి వాడి బరువు ఎంతుందంటే, పుష్పాబాయి ఒక్కతే చేతుల మీద ఎత్తి పక్క మార్చేది. చిన్నప్పటిలాగే వాడు ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసేవాడు. లారీల వాళ్లు ఇద్దరు వచ్చి, ఒక ఖాళీ లారీలో వాణ్ని తండాకు చేర్చారు. తండాలోకి రానివ్వలేదు. పెళ్లైనవాణ్ని కాల్చడం, కానివాణ్ని పూడ్చడం వాళ్ల ఆనవాయితీ. ఊరి బయట గుట్ట కింద గొయ్యి తీశారు. పెళ్లి కాలేదు కనుక మట్టిలోకి పోయాడు. మట్టి వేస్తున్నప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. లారీ తిరిగి పోతూ మలుపు దగ్గర హారను కొట్టినప్పుడు మాత్రం, గుట్టంతా ప్రతిధ్వనించేలా ఏడ్చింది.

తర్వాత ఆమె కాలువ అవతలి ఊళ్లలో, తన సంగతి తెలియని రైతుల దగ్గర నాట్లకు, కలుపుకు పోవడం మొదలుపెట్టింది. మిర్యాలగూడ గది మాత్రం ఖాళీ చేయలేదు. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఎవరో గుమ్మం బయట దగ్గారు. చూస్తే మోతీలాల్. నెత్తిన తువ్వాలు, కాళ్లకు దుమ్ము. లోపలికి రమ్మని ఆమె అనలేదు. ఆయన అరుగు చివర కూర్చున్నాడు.

"తులసీరాం మిల్లుకాడ చెప్పిన మాట నా దాకా వచ్చింది బిడ్డా," అన్నాడు. "గానాడు నా వాకిట్ల నువ్వు మాట్లాడుతుంటె, వాని మెడ సూసిన. నాకు అప్పుడే అనుమానం. నువ్వు అబద్ధం చెప్పబట్టి నా బిడ్డ బతికింది. నిజం చెప్తె వాని పరువు పోతుండె, ఊకుంటె నా భూలి పోతుండె."

ఆమె గడప మీద కూర్చుని వింటోంది.

"భూలికి లగ్గం ఖాయమైంది. పిల్లగాడు మంచోడు, ఎవుసం జేసుకుంటడు." ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, మళ్లీ చుట్టుకున్నాడు. "నిన్ను పిలువాలె. పిలుస్తనని ఇంట్లకెంచి ఎల్లిన. దారిపొంటి అనుకుంటనే వచ్చిన. కానీ..."

"నేను రాను కాకా."

"నువ్వు అడుగు పెడ్తె జనం లేచి పోతరు బిడ్డా. నాకు నోరొస్తలేదు."

"నాకు తెలుసు కాకా. ఆ పిల్ల సల్లగుంటె చాలు."

ఆయన తల ఊపాడు. చేసేదేమీ లేక అరుగు మీద దుమ్మును అరచేత్తో అటూ ఇటూ తుడిచాడు. ఎండ నిప్పులు కురుస్తోంది. అంత దూరం నుంచి వచ్చినవాడు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. లోపల కుండలో చల్లని నీళ్లున్నాయి. ఇమ్మంటే ముంచి ఇచ్చేదే. కాని ఇస్తే తాగాలా వద్దా అన్న చిక్కులో ఆయన్ని పడెయ్యడం ఇష్టం లేక, ఆమె లేవలేదు. ఆయనా అడగలేదు. కాసేపటికి లేచి, వీధి చివర దాకా నడిచి, అక్కడ టీ బంకు దగ్గర ఆగి గ్లాసెడు నీళ్లు తీసుకుని తాగడం, గడప మీద నుంచి ఆమెకు కనబడింది.